ఎవరి నోట ఏ మాట: ముళ్ళపూడి వెంకటరమణ పనితనం

ముళ్ళపూడి వెంకటరమణ సాహితీ సర్వస్వాన్ని విశాలాంధ్ర ప్రచురణాలయం సంపుటాలుగా వేసింది. ఆ సంపుటాల పేర్లు చూస్తేనే ఆయన కలం ఎన్ని గుమ్మాలు తొక్కిందో తెలిసిపోతుంది. కథారమణీయం, బాలరమణీయం, కదంబరమణీయం, సినీరమణీయం, అనువాదరమణీయం. కథకుడు, పిల్లల రచయిత, కాలమిస్టు, సినిమా విమర్శకుడు, అనువాదకుడు అందరూ వాటిలో ఉన్నారు. వాటి పక్కన సినిమా రచయితనూ, స్వీయచరిత్రకారుణ్ణీ నిలబెడితే ఒక్క మనిషి పేరు మీద ఏడెనిమిది వృత్తులు తేలతాయి. ఇన్ని రకాలు రాసినవాళ్ళు తెలుగులో ఇంకా ఉన్నారు. కానీ ఇన్నింటిలోనూ పని తెలిసినవాడి చెయ్యి కనిపించడం అరుదు.

రమణ అనగానే 'హాస్య రచయిత' అంటాం. ఆ మాటలో అబద్ధం లేదు, కాకపోతే అందులో సగమే ఉంది. నవ్వించడం ఆయన రాతకు ఫలితం మాత్రమే. ఆయన అసలు పనిముట్టు చెవి. ఏ రచన మొదలుపెట్టినా ముందు ఆ మాటలు ఎవరి నోట రావాలో తేల్చుకునేవారు. ఆ నోరు చిక్కాక, ఆ నోరు అననిదేదీ కాగితం మీద ఉండనిచ్చేవారు కాదు. బుడుగు నుంచి 'శ్రీరామరాజ్యం' దాకా ప్రక్రియలు మారాయి, దశాబ్దాలు మారాయి, ఈ పద్ధతి మాత్రం మారలేదు. ఆయన హాస్యానికి ముగ్ధులమై ఈ పద్ధతిని పట్టించుకోలేదేమో అనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పుకుందాం. 1931 జూన్ 28న ధవళేశ్వరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి వెంట మద్రాసు చేరారు. అక్కడి బడిలోనే సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే తర్వాత చిత్రకారుడూ సినీదర్శకుడూ అయిన మన బాపు, స్నేహితుడయ్యాడు. న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల' పత్రికలో 1945లో రమణ మొదటి కథ అచ్చయింది. ఆ తర్వాత ఆంధ్రపత్రికలో ఉపసంపాదకుడి ఉద్యోగం. ఆ ఉద్యోగం వదిలాక కలమే ఆధారం. 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో కన్నుమూసేదాకా ఎవరు ఏం అడిగితే అది, ఏ రూపంలో అడిగితే ఆ రూపంలో రాశారు. బతుకుతెరువు కోసం రాసేవాడికి ఒక ప్రమాదం ఉంటుంది. అన్నీ ఒకే అచ్చులో పోసి అమ్మేయాలనిపిస్తుంది. రమణ ఆ ప్రమాదంలో పడలేదు. ఎందుకు పడలేదో ఒక్కొక్క రచన తీసి చూస్తే తెలుస్తుంది.

బుడుగు: పేర్లు పెట్టే విద్య

1956-57 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన 'బుడుగు' చదవని ఇల్లు ఒకప్పుడు తక్కువ. అందులో మాట్లాడేది ఒక చిన్న కుర్రాడు. అమ్మ రాధ, నాన్న గోపాలం, ఇంట్లో బామ్మ, బాబాయి, ఇరుగుపొరుగు, నేస్తం సీగాన పెసూనాంబ. కథంటూ పెద్దగా లేదు. ఒక పిల్లవాడు తన లోకాన్ని మనకు పరిచయం చేస్తాడు, అంతే.

పిల్లవాడి గొంతుతో రాయడం సులభమనుకుంటారు. నాలుగు ముద్దుమాటలు, రెండు తొక్కుపలుకులు పెడితే చాలనుకుంటారు. అలా రాసినవాటిలో పిల్లవాడు పెద్దల ముచ్చట కోసం వేషం కట్టిన బొమ్మలా ఉంటాడు. బుడుగు అలా ఉండడు. అతని దృష్టిలో అతను పెద్దవాడే. లోకమే సరిగ్గా నడవడం లేదు, దాన్ని చక్కదిద్దే బాధ్యత తనది. అందుకే అతని మాటల్లో గారం ఉండదు, అధికారం ఉంటుంది. ఫిర్యాదు చేసినా అధికారి ఫిర్యాదు చేసినట్టే ఉంటుంది. మనకు నవ్వొచ్చేది ఆ కుర్రాడి అమాయకత్వానికి కాదు, అతని గాంభీర్యానికి.

ఇందులో అన్నిటికంటే గట్టి పనితనం మనుషులను పిలిచే తీరులో ఉంది. 'పక్కింటి లావుపాటి పిన్నిగారి ముగుడు' అని ఒక పాత్ర. ఆ పెద్దమనిషికి వేరే పేరు అక్కర్లేదు. అతను ఎక్కడుంటాడు, ఎవరి మొగుడు, ఆవిడ ఆకారమేమిటి, ఇంతే పిల్లవాడికి తెలిసిన సంగతి. ఆ తెలిసిన సంగతి యావత్తూ పేరైపోయింది. మరో రచయిత అయితే మొదటిసారి ఇలా అనిపించి, రెండోసారి నుంచి 'ఆయన' అనేస్తాడు. రమణ అనడు. మనిషి వచ్చిన ప్రతిసారీ ఆ గొలుసంతా మళ్ళీ వస్తుంది. సర్వనామం వాడకపోవడమే అక్కడి హాస్యం. పిల్లలు నిజంగా అలాగే మాట్లాడతారు. ఒకసారి పెట్టిన పేరును కుదించరు, ఎవరైనా కుదిస్తే ఒప్పుకోరు. రమణ ఆ నియమాన్ని విని పట్టుకుని, పుస్తకం పొడుగునా కాపాడారు. 'ముగుడు', 'ప్రెవేటు' వంటి మాటల్లోని అక్షరాలూ అలాంటివే. పిల్లవాడి చెవికి ఎలా వినపడిందో అలా అచ్చయ్యాయి. ఏ మాట వంకరగా ఉండాలి, ఏది తిన్నగా ఉండాలి అన్న ఎంపికలో చాలా పొదుపు ఉంది. అన్నీ వంకరగా ఉంటే చదవలేం, ఏదీ వంకరగా లేకపోతే కుర్రాడు మాయమైపోతాడు.

'రెండుజెళ్ళ సీత' ఇంకో మెట్టు పైన ఉంటుంది. పేరంతా జడల లెక్క. బుడుగు కళ్ళకు ఆనింది అదే. కానీ బాబాయి ఆ అమ్మాయి చుట్టూ తిరగడాన్ని బుడుగు చూసి చెబుతున్నప్పుడు, అతనికి అర్థం కానిది మనకు అర్థమవుతుంది. కథ చెప్పేవాడికి తెలియనిది చదివేవాడికి తెలియడం అనే ఉపాయం సాహిత్యంలో పాతదే. దాన్ని మోయడానికి రమణ ఎంచుకున్నవాడు, తనకు అన్నీ తెలుసునని గట్టిగా నమ్మేవాడు. అందువల్ల ఆ తెలియనితనం రెట్టింపై వినిపిస్తుంది. ప్రేమ అనే మాట లేకుండానే ప్రేమకథ ఒకటి పక్కగా నడిచిపోతుంది.

బాపు బొమ్మలతో ఈ వచనానికి ఉన్న పొత్తు కూడా గమనించాలి. చెప్పేవాడు పిల్లవాడు కనుక తన ముఖం తాను వర్ణించుకోడు. మనుషుల రూపురేఖలు కూడా ఒక్క గుర్తుతో సరిపెడతాడు. మిగిలిన ఖాళీ అంతా బొమ్మది. బొమ్మ చెప్పగలిగేదాన్ని వచనం చెప్పదు, వచనం చెప్పేదాన్ని బొమ్మ మళ్ళీ చెప్పదు. తరవాత సినిమాకు రాయబోయే మనిషి అభ్యాసం ఇక్కడే మొదలైందనిపిస్తుంది. ఆ పాత్రలు ఎంత బలంగా నాటుకున్నాయంటే, 1983లో జంధ్యాల తన సినిమాకు 'రెండుజెళ్ళ సీత' అనే పేరే పెట్టుకున్నారు.

అప్పారావు: ఒక వృత్తి, దానికొక శాస్త్రం

'ఋణానందలహరి'లో అప్పారావు అప్పులు చేస్తాడు. అవసరం వచ్చి చేసేవాడు కాదు, అదే వృత్తిగా చేసేవాడు. పుస్తకం పేరులోనే శంకరుల స్తోత్రాల ఫణితి వినిపిస్తుంది. అప్పును అంత ఎత్తున కూర్చోబెట్టాలంటే దానికి తగిన భాష కావాలి. అప్పారావుకు రమణ ఇచ్చిన భాష పండితుడిది, తాత్వికుడిది, అవసరమైతే ఆప్తమిత్రుడిది. ఒక చిన్న నోటు కోసం అతను ఎదుటివాడి మనసును పరిశోధిస్తాడు. ఎవరిని ఎప్పుడు అడగాలి, ఎంత అడగాలి, ఏ ముఖంతో అడగాలి అన్నది అతనికి ఒక విద్య.

బుడుగు ఒకే గొంతు. అప్పారావు అలా కాదు, ఒక మనిషి ఒంట్లో చాలా గొంతులు. ఎదుటివాణ్ణి బట్టి పలుకు మారుతుంది. ఆ మార్పే అతని వ్యాపారం. కాబట్టి ఇక్కడ రచయిత చెవికి పని ఎక్కువ. వేదాంతం పలుకుతున్న నోటి అడుగున రూపాయి లెక్క వినపడుతూ ఉండాలి. అది వినపడకపోతే అప్పారావు వట్టి విదూషకుడైపోతాడు, మరీ పైకి వినపడితే వట్టి మోసగాడైపోతాడు. ఈ రెంటి మధ్య అతను జారకుండా నడుస్తాడు. మనకు అతని మీద కోపం రాకపోవడానికి కారణం, అతను పేదరికాన్ని దాచుకునే మర్యాదస్థుడు కావడం. పుచ్చుకునే చెయ్యే పై చెయ్యి అయ్యేలా మాట్లాడగలగడం ఒక్కటే అతనికున్న ఆస్తి.

ఆ నవ్వు కింద కష్టం ఉంది. చేతిలో డబ్బులేని మధ్యతరగతి బతుకు రమణకు పుస్తకాల్లో దొరికింది కాదు. నెలాఖరు ఎలా ఉంటుందో బాగా తెలిసినవాడే అప్పును ఇంత నిబ్బరంగా వేళాకోళం చేయగలడు. 'జనతా ఎక్స్‌ప్రెస్' కథల్లో అదే మధ్యతరగతి వేషాలు తీసేసి కనిపిస్తుంది. అప్పారావు కథల వెంట వాటిని చదివితే, ఒకే జీవితాన్ని రెండు స్థాయిల్లో పలికించినట్టు తెలుస్తుంది. తర్వాత 'అప్పుల అప్పారావు' పేరుతో సినిమా వచ్చింది. పుస్తకం చదవనివాళ్ళకు కూడా ఆ పేరు చెబితే ఒక మనిషి కళ్ళముందు నిలబడేవాడన్నమాట.

పాత కథల చట్రాలు

పత్రికకు రాసేవాడికి వారం వారం కొత్త విషయం ఉంటుంది, కొత్త రూపం వెతుక్కునే తీరిక ఉండదు. రమణ దానికి చక్కటి దారి కనిపెట్టారు. తెలుగువాళ్ళు చిన్నప్పటి నుంచి విన్న కథల చట్రాలను తీసుకుని వాటిలో వర్తమానాన్ని బిగించారు. 'రాజకీయ బేతాళ పంచవింశతి' రాజకీయాల మీద. 'విక్రమార్కుని మార్కు సింహాసనం' సినిమా లోకం మీద. 'గిరీశం లెక్చర్లు' కూడా సినిమాల మీదే, కాకపోతే ఇక్కడ మాట్లాడేది గురజాడ 'కన్యాశుల్కం'లోంచి లేచొచ్చిన గిరీశం.

ఊరికే పాత పేరు తగిలిస్తే పేరడీ అవుతుంది, ఒకటి రెండు వారాలకు చప్పబడుతుంది. రమణ తీసుకున్నది పేరు కాదు, ఆ కథకున్న షరతు. బేతాళ కథలో షరతు మనకు తెలిసిందే. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజకీయానికి ఇంతకంటే అతికే నియమం ఎక్కడ దొరుకుతుంది? నోరు మూసుకుంటే ఒక ఇబ్బంది, తెరిస్తే ఇంకో ఇబ్బంది, రెంటికీ మధ్య మోత మాత్రం తప్పదు. సింహాసనం కథలోనూ అంతే. మెట్టుకొక బొమ్మ ఆపి, నీకు కూర్చునే యోగ్యత ఉందా అని అడుగుతుంది. తారల లోకంలో అడగాల్సిన ప్రశ్న అదే.

గిరీశాన్ని పిలుచుకురావడం ఇంకా సాహసం. ఆ గొంతు గురజాడది, తెలుగు పాఠకులకు కంఠతా వచ్చినది. ఒక్క పలుకు తప్పినా దొంగ గిరీశమని పసిగట్టేస్తారు. ఇంగ్లీషు ముక్కలు విసురుతూ, తనను తాను పొగుడుకుంటూ, ఓడిపోయినప్పుడు కూడా గెలిచినట్టు మాట్లాడే ఆ ధోరణిని రమణ సినిమా కబుర్లకు వాడుకున్నారు. సినిమా వాళ్ళ గొప్పలను ఎగతాళి చేయాలంటే బయటివాడి విమర్శ కంటే ఆ గొప్పలను మనసారా మెచ్చుకునే గిరీశం ప్రసంగమే పదునుగా ఉంటుంది. విమర్శకుడు తెర వెనక్కి తప్పుకుంటాడు, పొగిడే నోరు ముందుకొచ్చి గుట్టంతా బయటపెడుతుంది. నోరు ఎంచుకోవడంలోని మెలకువ ఇదే.

తెరకెక్కిన చెవి

సినిమాల మీద చురకలు వేసిన పత్రికా రచయితే సినిమాలకు రాయడం మొదలుపెట్టడం ఒక వింత. మొదట్లోనే చేతికి దొరికినది హాస్యచిత్రమూ కాదు. 1962లో వచ్చిన 'రక్తసంబంధం' తమిళ 'పాసమలర్'కు తెలుగు రూపం, అన్నాచెల్లెళ్ళ కన్నీటి కథ. రామారావు, సావిత్రి నటించిన ఆ చిత్రానికి మాటలు రాసింది బుడుగు రచయిత. నవ్వించేవాడి చేత ఏడిపించే మాటలు రాయించడం ఆశ్చర్యంగా తోచవచ్చు. రమణ పద్ధతి తెలిశాక తోచదు. అన్నగా మాట్లాడే మనిషి ఎంత దాచుకుంటాడో తెలిస్తే చాలు, ఎంత చెప్పాలో తేలిపోతుంది.

1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'దాగుడుమూతలు', ఆ తర్వాత 1967లో బాపు మొదటి చిత్రం 'సాక్షి'. 'సాక్షి'కి మూలం రమణ కథే. గోదావరి సీమలోని పులిదిండిలో, స్టూడియో సెట్టింగులు లేకుండా తీసిన సినిమా. బల్లకట్టు నడుపుకునే కిష్టయ్య అనే మామూలు మనిషి ఒక హత్య చూస్తాడు, చూసినది చూసినట్టు చెబుతాడు. ఆపైన హంతకుడు తన కోసం వస్తున్నాడని తెలిసినప్పుడు ఊరు అతనికి తోడు రాదు. కథానాయకుడు వీరుడు కాడు, భయస్థుడు. వీరుడి మాటలు రాయడం సులువు, తెలుగు సినిమాకు ఆ నుడికారం అప్పటికే తయారుగా ఉంది. భయపడుతూ కూడా మాట తప్పని మనిషికి తయారు మాటలు లేవు. వాటిని రమణ వాడుకభాషలోంచి ఏరి తెచ్చుకోవాల్సి వచ్చింది.

1973 నాటి 'అందాల రాముడు' మొత్తం ఒక పడవ ప్రయాణం. రాజమండ్రి నుంచి భద్రాచలానికి గోదావరి మీద లాంచీ వెళుతుంది. ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, భక్తులు, మాయగాళ్ళు అందరూ ఒకే లాంచీలో ఇరుక్కుంటారు. ఎవరూ దిగి పోలేరు. రకరకాల గొంతులను ఒకచోట కట్టేసి వినిపించడానికి ఇంతకంటే మంచి వేదిక ఉండదు. గోదావరి అందాల కోసం ఆ చిత్రాన్ని తలుచుకునేవాళ్ళు, ఈసారి కళ్ళు మూసుకుని సంభాషణలు వినాలి. ఎవరు ఏ తరగతి ప్రయాణికుడో మాట తీరే చెప్పేస్తుంది.

'ముత్యాల ముగ్గు' 1975లో వచ్చింది. కథకు ఉత్తర రామాయణం నీడ ఉంది. అనుమానం, నిండు చూలాలిని ఇల్లు వెళ్ళగొట్టడం, పిల్లల ద్వారా మళ్ళీ కలయిక. ఈ మెత్తటి కథ మధ్యలో రావు గోపాలరావు వేసిన కంట్రాక్టరు నిలబడి ఉంటాడు. అంతకుముందు మన తెర మీద ప్రతినాయకులు అరిచేవాళ్ళు, మీసం మెలేసేవాళ్ళు. ఈ కంట్రాక్టరు అరవడు. ఉదయాన్నే ప్రకృతిని మెచ్చుకుంటాడు, కళ గురించి మాట్లాడతాడు. సూర్యోదయాన్ని చూసి అతని మనసుకు తట్టే పోలిక మాత్రం హత్య. రమణ ఇక్కడ చేసిన పని ఏమిటంటే, గోదావరి జిల్లాల యాస, కొత్తగా డబ్బు చేసినవాడి ఇంగ్లీషు ముక్కలు, రసికుడిననే నమ్మకం, మనిషిని చంపించడానికి వెనుకాడని తాపీ, ఈ నాలుగింటినీ ఒకే శ్వాసలో పలికించడం. ఏ ఒక్కటీ విడిగా భయపెట్టదు. నాలుగూ కలిసినప్పుడు వెన్ను జలదరిస్తుంది, అదే క్షణంలో నవ్వూ వస్తుంది. ఆ చిత్రం సంభాషణలు విడిగా రికార్డుగా వచ్చి ఊరూరా పందిళ్ళలో మోగాయి. జనం పాటలు విన్నట్టు మాటలు విన్నారు.

ఆ తర్వాతి సినిమాల జాబితా పెద్దది. 'గోరంత దీపం', 'మనవూరి పాండవులు', 'పెళ్ళిపుస్తకం', 'మిస్టర్ పెళ్ళాం'. మధ్యలో 1980లలో ప్రభుత్వం కోసం బాపు రమణలు చేసిన వీడియో పాఠాలు, ఈటీవీకి 'శ్రీ భాగవతం'. చివరిది 'శ్రీరామరాజ్యం'. రమణ పోయాక, 2011 నవంబరులో విడుదలైంది. 1963 నాటి 'లవకుశ' పద్యాలు, మాటలు జనం నాలుక మీద ఉండగా అదే కథకు మళ్ళీ మాటలు రాయడం కత్తి మీద సాము. ఆయన పద్యనాటకపు గంభీర వచనం వైపు పోలేదు, పొట్టి వాక్యాల తేట తెలుగు వైపు వచ్చారు. ఎనభయ్యో పడికి చేరువలో ఉన్న రచయిత, దేవుళ్ళ నోటికి కూడా ఇంట్లో మాటలే ఇచ్చారు.

'కానుక', అనువాదాలు

ఇంత సందడి మధ్య 'కానుక' అనే కథ విడిగా నిలబడుతుంది. గోపన్న అనేవాడు కృష్ణుడికి పుట్టినరోజు కానుకగా ఇవ్వాలని మురళి చేస్తూ ఉంటాడు. చేసింది ఏదీ అతనికి నచ్చదు. ఇంకా బాగా చేయాలి, ఇది స్వామికి తగదు అనుకుంటాడు. రమణ కథల్లో హాస్యం కోసం వెళ్ళినవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. చమత్కారాలన్నీ పక్కన పెట్టి, నెమ్మదిగా, తడి ఉన్న వచనంతో నడిపిన కథ ఇది. పనిమంతుడి అసంతృప్తిని తెలుగులో ఇంత దగ్గరగా చూపిన కథలు తక్కువ. చేతిలో ఉన్న వస్తువుకూ మనసులో ఉన్న వస్తువుకూ మధ్య దూరం ఎప్పటికీ తరగదు, ఆ దూరమే పనిమంతుణ్ణి నడిపిస్తుంది, అదే అతన్ని తినేస్తుంది కూడా. తేలిగ్గా రాసేస్తాడని పేరు పడ్డ రచయిత, తేలిక అనేది ఎంత బరువైన పనో ఇక్కడ చెప్పాడు.

అనువాదాల్లో జూల్స్ వెర్న్ '80 రోజుల్లో భూప్రదక్షిణ' ప్రసిద్ధం. సొంత గొంతు ఇంత బలంగా ఉన్న రచయితకు అనువాదం మంచి కళ్ళెం. పరుగే ప్రధానమైన కథలో చమత్కారానికి ఆగే వీలుండదు. పాఠకుడికి గడియారం చప్పుడు వినపడుతూ ఉండాలి.

కోతి కొమ్మచ్చి: తన నోటికి తానే

చివరికి మిగిలిన నోరు తనది. డెబ్బై అయిదు దాటాక 'స్వాతి' వారపత్రికలో స్వీయచరిత్ర మొదలుపెట్టారు. పేరు 'కోతి కొమ్మచ్చి'. తరువాతి భాగాలు 'ఇంకోతి కొమ్మచ్చి', 'ముక్కోతి కొమ్మచ్చి'. ఆ పేరు కేవలం సరదాకు పెట్టింది కాదు, అది పుస్తకం కట్టడం. చెట్టు మీద ఆటలో ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకు దూకినట్టే ఇందులో జ్ఞాపకాలు నడుస్తాయి. బాల్యం నుంచి సినిమాకు, సినిమా నుంచి పత్రికాఫీసుకు, అక్కడి నుంచి ఆకలి రోజులకు. తారీఖుల వరస లేదు. అయినా పాఠకుడు తప్పిపోడు, ఎందుకంటే ప్రతి దూకుడుకూ ముందు కొమ్మ మీద ఒక పట్టు ఉంటుంది. ఒక మనిషి పేరో, ఒక వస్తువో, ఒక మాటో ఇటు నుంచి అటు దాటిస్తుంది.

ఈ కట్టడం వల్ల రచయితకు ఇంకో సౌకర్యం దొరికింది. బాధ దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. తల్లి కష్టం, పస్తులు, చిన్నా పెద్దా అవమానాలు అన్నీ వస్తాయి. సానుభూతి అడిగేలోపే కొమ్మ మారిపోతుంది. చదువరి ముందు నవ్వుతాడు, తర్వాత ఆలస్యంగా గొంతు పట్టేస్తుంది. అప్పారావు ఎక్కడి నుంచి వచ్చాడో, బుడుగు ఇల్లు అంత నిండుగా ఎందుకుందో ఈ పుస్తకం చదివాక తెలుస్తుంది. నిండైన ఇల్లు కావాలనుకున్నవాడు దాన్ని కాగితం మీద కట్టుకున్నాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. శ్లేష మీద మోజు కొన్నిచోట్ల పాత్ర నోటిని దాటి రచయిత నోటిదైపోతుంది. అలాంటి చోట వాక్యం మెరుస్తుంది గానీ మనిషి కనిపించడు. రామాయణపు నీడలో నడిచిన సినిమాల్లో స్త్రీలు ఓర్పుకు ప్రతిమలుగా మిగిలిపోయిన సందర్భాలున్నాయి. బుడుగు తల్లి రాధకున్న చురుకు, పొగరు ఆ నాయికల్లో కొందరికి దక్కలేదు. రాజకీయ వ్యంగ్యంలో కొంత ఆనాటి పేర్లు, ఆనాటి గొడవలు తెలిస్తే తప్ప పట్టుబడదు. ఇవి పత్రిక గడువుల మధ్య, నిర్మాతల అవసరాల మధ్య రాసిన మనిషికి సహజంగా వచ్చే మచ్చలు. వీటిని కప్పిపుచ్చితే మిగతా పని గొప్పతనం కూడా సరిగ్గా కనపడదు.

కొత్తగా రమణను చదవబోయేవాళ్ళు బుడుగుతో మొదలుపెట్టడం మామూలే. అయితే పైకి చదవండి, వీలైతే ఇంట్లో ఒకరు చదువుతుంటే వినండి. తరవాత 'ఋణానందలహరి', వెంటనే 'కానుక'. ఈ మూడూ ఒకే చెయ్యి రాసిందని నమ్మడానికి కాస్త సమయం పడుతుంది. ఆపైన 'ముత్యాల ముగ్గు' చూసి, చివరన 'కోతి కొమ్మచ్చి' తెరవండి. రాయాలనుకునే కుర్రవాళ్ళకు ఇందులో ఒక పాఠం ఉంది. శైలి కోసం వెతుక్కోవడం మానేసి, మాట్లాడబోయే మనిషి కోసం వెతకండి. ఆ మనిషి దొరికితే వాక్యం పొడుగెంతో, ఇంగ్లీషు ముక్క పడాలో వద్దో, ఎక్కడ ఆపాలో అతనే చెబుతాడు. అరవై ఏళ్ళకు పైగా అన్ని రకాల పనులు ఒప్పుకుని, పత్రికకూ తెరకూ పిల్లలకూ పెద్దలకూ రాసి రమణ రుజువు చేసింది అదే.